పాత పవర్‌పాయింట్‌తో ఒక రాత్రి

రేపు నేను స్లయిడ్లు చూపవలసిన చోట ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరనీ, అందులో ఉన్నది పవర్‌పాయింట్ 2003 అనీ సాయంత్రం కబురు వచ్చింది. అది కూడా పని అంతా ముగించి హమ్మయ్య అనుకున్న తరువాత. "పీడీఎఫ్ చేసి పడెయ్యరాదూ" అన్నాడు అన్నయ్య. ఆయన సలహాలు ఎప్పుడూ ఇంతే. క్లిక్కుకు ఒకటి చొప్పున రావలసిన అంశాలన్నీ ఒక్కసారే తెర మీదికి వస్తే, జనం నా మాట వినడం మాని ముందే చదివేసుకుంటారని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కదు.

నా స్లయిడ్లు ఉన్న పీపీటీఎక్స్ రకం ఫైళ్లు 2007 కూర్పుతో వచ్చాయి కనుక, 2003 కోసం పాత రకంలోకి మార్చాలి. "సేవ్ యాజ్‌లో 97-2003 ఎంచుకుంటే చాలు" అని అందరూ తేలికగా అనేస్తారు. సేవ్ అయ్యే మాట నిజమే. ఏమి పోయిందన్నదే ప్రశ్న. పాత కూర్పులో ఏవి పనిచేయవో చెప్పే చెక్ కంపాటిబిలిటీ నొక్కగానే జాబితా విప్పింది. స్మార్ట్‌ఆర్ట్, అంటే పెట్టెలతో మెట్లు చూపే రెడీమేడ్ పటం, అంతా మార్చడానికి వీలులేని ఒకే బొమ్మ అయిపోతుందట. ఐదు మెట్లూ ఒకదాని తరువాత ఒకటి రావాలని నేను పెట్టుకున్న ఏర్పాటు దానితో పోయినట్లే. అందుకని పటాన్ని మామూలు ఆకారాలుగా మార్చే కన్వర్ట్ టు షేప్స్ నొక్కి, గుంపు విడదీసి, ఒక్కొక్క పెట్టెకూ యానిమేషన్ మళ్లీ పెట్టుకుంటూ కూర్చున్నాను. ఎక్స్‌పీలో నిర్మలా యూఐ ఫాంటు ఉండదు కనుక తెలుగంతా పాత గౌతమి ఫాంటులోకి మార్చవలసి వచ్చింది. మార్చిన వెంటనే శీర్షికలు రెండేసి వరుసలకు దిగి కింది బొమ్మల మీద పడ్డాయి. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న వదిలేసిన సాఫ్ట్‌వేర్‌ను ఇంకా పట్టుకు వేలాడేవాళ్లను మనసారా తిట్టుకున్నాను.

తిట్టుకుంటూ ఉంటే, ఆ 2003 కూర్పే కొత్తగా ఉన్న రోజులు గుర్తుకు వచ్చాయి. మా స్నేహితుడొకడు పక్షుల మీద స్లయిడ్లు చేసి, ప్రతి పక్షికీ దాని కూతను జోడించాడు. వేవ్ అనే ధ్వని ఫైలు 100 కేబీ దాటితే, అమరిక మార్చకపోతే, ఆ కూర్పు దానిని లోపల దాచుకోదు, ఎక్కడ ఉందో దారి మాత్రం రాసుకుంటుంది. వాడు పీపీటీ ఒక్కటే సీడీలో ఎక్కించుకుని వచ్చాడు. తెర మీద స్పీకరు గుర్తు ఉంది, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. చివరకు కోకిల నుంచి గుడ్లగూబ దాకా కూతలన్నీ వాడే నోటితో కూశాడు. అంత నవ్విన సభను నేను మళ్లీ చూడలేదు.

కాబట్టి పాతదాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదేమో. తరువాత రాబోయే హంగులను 2003 ఎలా ఊహిస్తుంది? వెనుకటివాళ్లను తలచుకోవలసింది కొత్తదే. కొన్నిచోట్ల తలచుకుంది కూడా: ఒక స్లయిడులోని బొమ్మలు కదులుతూ తరువాతి స్లయిడుగా మారే మార్ఫ్‌ను, అది తెలియని 2013లో తెరిచినా మెల్లగా మసకబారి మారే ఫేడ్‌గా జరిగిపోతుంది, ఎవరూ గమనించరు. ఆ మర్యాదేదో స్మార్ట్‌ఆర్ట్‌కు కూడా చూపించి ఉంటే నేను ఈపాటికి పడుకునేవాడిని.

చార్టు సంగతి ఇంకా తేలలేదు. బొమ్మగా అతికిస్తే అక్కడ ఎలాగైనా కనబడుతుంది, కానీ ఎవరైనా ఒక అంకె మార్చి చూపమంటే చేతులెత్తేయాలి. బొమ్మగానే అతికించి, అంకెల పట్టికను తరువాతి స్లయిడులో పెడుతున్నాను. అన్నయ్య చెప్పిన పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను, ఆయనతో అనకండి.