వెనక్కి తిప్పి చూడాలి

పెళ్లి ఊరేగింపుల్లో తప్ప గుర్రాన్ని దగ్గరగా చూసిన వాణ్ని కాదు. అలాంటి నేను పదకొండేళ్లుగా గుర్రాల నగలు పోగుచేస్తున్నాను, ఏడేళ్లుగా అమ్ముతున్నాను కూడా. నగలంటే బంగారం, వెండి అనుకునేరు. ఇత్తడి బిళ్లలు. ఇంగ్లండులో సరుకుల బండ్లు, నాగళ్లు లాగిన భారీ గుర్రాలకు నుదుటి మీద ఒకటి, ఛాతీ మీదుగా దిగే తోలు పట్టీకి వరసగా మూడు నాలుగు కట్టేవారు. ఒక్కొక్కటి మూడు, మూడున్నర అంగుళాలు ఉంటుంది. సూర్యుడు, నెలవంక, హృదయం, గోధుమ పన, లంగరు, రాణిగారి తల, సారా పీపా... ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ దొరుకుతుంది.

ఉద్యోగం మీద బర్మింగ్‌హామ్ పక్కకు వచ్చిన రెండో వేసవిలో మొదలైంది ఇదంతా. ఆదివారం పొద్దున్నే ఊరి చివర మైదానంలో జనం కారు డిక్కీలు తెరిచి ఇంట్లో పాత సామాను అమ్ముకునే సంత ఉంటుంది. పిల్లాడికి సైకిలు కొందామని వెళ్లి, అయిదు బిళ్లలున్న తోలు పట్టీ ఒకటి పన్నెండు పౌండ్లకు కొనుక్కొచ్చాను. చూడగానే కనుమ పండుగ గుర్తొచ్చింది. మా తాతయ్య ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కొసలకు ఇత్తడి కుప్పెలు తొడిగేవాడు. ఆ కుప్పెల మెరుపే ఇక్కడా కనిపించింది. మా ఆవిడకు మాత్రం అలాంటిదేమీ కనిపించలేదు. "గుర్రం లేకుండానే జీను సామాను కొన్నారా?" అని మాత్రం అడిగింది.

ఇత్తడి అనగానే మన చేతులు ఊరుకోవు కదా. ఒక బిళ్లను విప్పి, చింతపండు నానబెట్టి, ఉప్పు చల్లి, కొబ్బరి పీచుతో తోమాను. పది నిమిషాల్లో తళతళలాడింది. ఆ రాత్రి గొప్పగా నిద్రపోయాను. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే పసుపుపచ్చగా ఉండాల్సిన బిళ్ల గులాబి ఛాయలోకి తిరిగి ఉంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. పులుపు ఎక్కువసేపు నిలిచిన చోట జింకు కరిగి, పైన రాగి మిగులుతుంది. రోజూ వాడే చెంబుకు దీనివల్ల పెద్దగా నష్టం లేదు. నూటపాతికేళ్ల బిళ్లకు ఉంది. అదృష్టం బాగుండి మిగతా నాలుగింటి జోలికి పోలేదు.

రెండు వారాల తర్వాత అదే సంతలో పాత తోలు సామాను అమ్మే ముసలాయన ఒకాయనకు ఆ పట్టీ చూపించాను. ఆయన బిళ్లల ముఖం వైపు చూడనే లేదు. ఒక్కొక్కదాన్ని వెనక్కి తిప్పి, పట్టీ దూరే పై చెవి దగ్గర బొటనవేలితో రాసి, వదిలేశాడు. అయిదింటికీ కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. నాలుగు ఎన్నడూ గుర్రాన్ని చూడనివట. అయిదోది మాత్రం పని చేసిందట. "పని చేసింది" అన్నాడు, "అసలైనది" అనలేదు. ఆ తేడా అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ అయిదోది చింతపండు పెట్టి తోమిందే. ఆయన దాన్ని ఎండకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. అదే నయం.

మిగతా నాలుగింటిలో ఒకదాని వెనక జిగురు మరక కింద చిరిగిన కాగితం ముక్క అంటుకుని ఉంది. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే సగం చెరిగిన అక్షరాల్లో ఇండియా అని ఉంది. ఇంగ్లండు గుర్రపు నగ అని నేను ముచ్చటపడి కొన్నది నాకంటే ముందు మన దేశం నుంచి వచ్చిందన్నమాట. మా ఆవిడ ఆ రోజు నవ్విన నవ్వు ఇప్పటికీ ఆగలేదు.

అప్పుడు పంతం పట్టి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేనుండే చోటికి బస్సు దూరంలోనే ఉన్న వాల్సాల్ ఒకప్పుడు జీన్లకు, కళ్లాలకు, వాటి లోహపు సామానుకు పెట్టింది పేరు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును ఇప్పటికీ సాడ్లర్స్ అనే పిలుస్తారు, అంటే జీన్లు కుట్టేవాళ్లు. అక్కడి తోలు మ్యూజియానికి వెళ్లి సాయంత్రాలు గడిపాను. ఈ బిళ్లలు విరివిగా వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దం మధ్య నుంచి. మొదటి ప్రపంచ యుద్ధం దాకా వాటి వైభవం సాగింది. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887లోను, అరవై నిండిన 1897లోను ఆమె బొమ్మతో లెక్కలేనన్ని వచ్చాయి. గుర్రాలను బాగా చూసుకున్న బండివాళ్లకు లండన్ ఊరేగింపుల్లో జంతు సంక్షేమ సంఘం బహుమతిగా ఇచ్చినవీ ఉన్నాయి. బండివాడి జీతం ఎంతో తక్కువైనా తన గుర్రానికి బిళ్ల మాత్రం తన డబ్బుతోనే కొనుక్కునేవాడట చాలాచోట్ల. ఎద్దుకు మువ్వలు కొనే రైతు గుర్తొచ్చాడు నాకు.

ఇవి దిష్టి తగలకుండా కట్టినవని, రోమన్ల కాలం నుంచీ వస్తున్న తాయెత్తులని పాత రాతల్లో కనిపిస్తుంది. గుమ్మడికాయకు కళ్లు గీసి గుమ్మానికి కట్టే ఇంటివాణ్ని, నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ అంత పాత కాలం నుంచి తెగకుండా వచ్చిన సంప్రదాయం అనడానికి ఆధారం లేదని, పరిశోధించినవాళ్లు ఈ కథను ఎప్పుడో పక్కన పెట్టేశారు. వీటి కోసమే 1975 నుంచి ఒక జాతీయ సంఘం కూడా పనిచేస్తోంది. కథ బాగుందని బిళ్ల వయసు పెరగదు.

లారీలు వచ్చి గుర్రాలు పోయాక బిళ్లలు తగ్గాలి కదా. పెరిగాయి. పబ్బుల్లో దూలాలకు, ఇళ్లలో పొయ్యి గూటి చుట్టూ అలంకారంగా వేలాడదీయడం మొదలైంది. ఆ గిరాకీ కోసం దశాబ్దాల పాటు కొత్తవి పోతపోశారు. నేడు సంతల్లో దొరికేవాటిలో ఎక్కువ ఈ గోడ బాపతే. వాటిని మోసం అనను. పబ్బు గోడ కోసం చేసినదాన్ని గుర్రం మీదిదని చెప్పి అమ్మితేనే మోసం.

కాబట్టి ముసలాయన చూసిన చోటే చూడాలి. పాత పద్ధతిలో ఇసుక అచ్చులో ఇత్తడి కరిగించి పోసేవారు. పోత ముఖం గరుకుగా వస్తుంది, ఆకురాయి పట్టాలి. అందుకు బిళ్లను బిగించి పట్టుకోవడానికి వెనక రెండు చిన్న బొడిపెలు వదిలేవారు. పని అయ్యాక వాటిని రాచి తీసేస్తే మసక గుర్తులు మిగిలేవి. ఆ గుర్తులు ఉంటే మంచిదే, కానీ వాటిని నమ్మి డబ్బు పెట్టకూడదు, కొత్తవాటి మీదా కనిపిస్తాయి. నమ్మాల్సింది అరుగుదలను. తోలు పట్టీ దూరే కన్నంలో పై అంచు లోపలికి వంపుగా అరిగి ఉంటుంది, బిళ్ల బరువంతా అక్కడే కదా. వెనక కింది అంచున నెలవంక ఆకారంలో ఒక నునుపు ఉంటుంది. గుర్రం అడుగు వేసినప్పుడల్లా బిళ్ల ఊగి తోలుకు రాసుకున్న చోటు అది. ముఖం మీద గీతలన్నీ వారం వారం మెరుగుపెట్టిన చేతుల కింద కరిగిపోయి, రాణిగారి ముక్కు ఉండీ లేనట్టు ఉంటుంది. దొంగ అరుగుదల అలా కాదు. అంతటా ఒకేలా ఉంటుంది, తోలు తగలని చోట కూడా.

రేకును అచ్చులో గుద్ది చేసినవి మరో రకం. తేలికగా ఉంటాయి, ముందున్న బొమ్మ వెనక గుంటగా కనిపిస్తుంది. చాలామంది వీటిని చులకనగా చూస్తారు గానీ 19వ శతాబ్దం చివర్లో వచ్చిన మంచి గుద్దుడు బిళ్ల ముందు గోడ బాపతు పోత బిళ్లలు పది దిగదుడుపే.

కొనడంలో నా తప్పులన్నీ చెబితే ఒక రోజు పడుతుంది. ఒకటి చెబుతాను. మొదటిసారి వేలంపాటకు వెళ్లి, ఒక పెట్టెడు బిళ్లలను ఎనభై పౌండ్లకు పాడి గెలిచాను. చిట్టీ చూస్తే నూట నాలుగు. పాట మీద పాతిక శాతం వేలం సంస్థ రుసుము, ఆ రుసుము మీద ఇరవై శాతం పన్ను. గోడ మీద రాసే ఉంది, నేనే చదవలేదు. అప్పటి నుంచి నా మనసులోని ధరను ఒకటీ పాయింటు మూడుతో భాగించి, వచ్చిన అంకె దగ్గరే చెయ్యి దించేస్తాను.

అమ్మడం మాత్రం శాశ్వత నివాస అనుమతి వచ్చాకే. ఉద్యోగ వీసా మీద ఉంటూ పక్కన సొంత వ్యాపారం పెట్టుకోవడం ఇక్కడ కుదరదు, పది పౌండ్ల ఇత్తడి కోసం ఆ తలనొప్పి ఎందుకు? ఏడాదికి వెయ్యి పౌండ్ల దాకా ఇలాంటి చిల్లర వ్యాపారపు రాబడి మీద పన్ను లేదు. వెయ్యి అన్నది లాభం కాదు, మొత్తం రాబడి. నోటు పుస్తకంలో కొన్న ధర, అమ్మిన ధర, తపాలా ఖర్చు రాసుకుంటాను. బిళ్లను అట్టముక్కల మధ్య పెట్టి కదలకుండా చుడితే రెండున్నర సెంటీమీటర్ల మందం దాటదు, పెద్ద ఉత్తరం ధరకే వెళ్లిపోతుంది.

ఫొటోల్లో మొదటిది వెనక వైపుదే పెడతాను. వింతగా చూస్తారు గానీ కొనే చెయ్యి ఉన్నవాళ్లు అక్కడే ఆగుతారు.

అమ్మడం మొదలుపెట్టిన రెండో ఏడాది 1887 బిళ్ల ఒకటి విక్టోరియా కాలం నాటిదని రాసి ముప్ఫై ఎనిమిది పౌండ్లకు అమ్మాను. వారానికి ఉత్తరం వచ్చింది, మర్యాదగా. కొన్నాయన దగ్గర అదే బొమ్మ పాతది ఉందట. కొలపరికరంతో రెండూ కొలిచాడు. నాది మిల్లీమీటరుకు కాస్త పైన చిన్నది. పాత బిళ్లనే నమూనాగా పెట్టి ఇసుకలో అచ్చు తీసి మళ్లీ పోస్తే, కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది, పిల్ల బిళ్ల తల్లి కంటే చిన్నదవుతుంది. బిళ్ల మీద 1887 అని ఉన్నంత మాత్రాన అది 1887లో పుట్టినట్టు కాదు. డబ్బు, రెండు వైపులా తపాలా ఖర్చు తిరిగి పంపాను. ఆ మర్నాడే అలాంటి కొలపరికరం కొన్నాను. ఇప్పుడు నా జాబితాల్లో కాలం పేరు అరుదుగా రాస్తాను. "పనిలో అరిగినది" అనో, "అలంకారానికి చేసినది" అనో రాసి, కొలతలు ఇస్తాను. అమ్మకం తగ్గింది, తిరిగి రావడం పూర్తిగా ఆగింది.

ఇదంతా ఒకసారి మా అమ్మకు ఫోనులో చెప్పాను. ఒక బిళ్లకు నలభై పౌండ్లంటే ఎన్ని రూపాయలో లెక్క వేసుకుని కాసేపు మాట్లాడలేదు. "ఒరేయ్, తాతయ్య ఎద్దుల కుప్పెలు, గంటలు, రెండు బిందెలు కలిపి తూకానికి ఇచ్చి స్టీలు సామాను తీసుకున్నాంరా" అంది. ఎన్నిచ్చాడని అడిగాను. ఆరు గ్లాసులు, ఒక బేసిన్. ఆ బేసిన్ ఇప్పటికీ ఉందట, బియ్యం కడుగుతుందట.

మొదటి పట్టీలోని నాలుగు బిళ్లలు ఎప్పుడో పోయాయి, అలంకారం అని నిజమే రాసి రెండేసి పౌండ్లకు ఇచ్చాను. అయిదోది నా బల్ల సొరుగులో ఉంది. మధ్యలో ఉబ్బెత్తు బొడిపె, చుట్టూ సూర్యకిరణాలు. కన్నం పై అంచు అరిగి తీగంత మందం మిగిలింది, వెనక నెలవంక నునుపు అద్దంలా ఉంది. ముఖం గులాబి రంగు మీద ఇప్పుడిప్పుడే గోధుమ ఛాయ కమ్ముతోంది. అమ్మితే బాగానే పలుకుతుంది. రెండుసార్లు ఫొటోలు తీశాను కూడా. కానీ వస్తువు పరిస్థితి రాసే చోటికి వచ్చేసరికి చింతపండు సంగతి దాచలేను, ఆ చింతపండును ఇక్కడి వాళ్లకు నాలుగు మాటల్లో ఎలా చెప్పాలో తెలియక కంప్యూటర్ మూసేస్తాను.