ల్యాండ్‌లైన్ నుంచి ఇంటర్నెట్ ఫోన్‌కి: నా అనుభవం

ఇంట్లో ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకుందామంటే అమ్మ రెండు షరతులు పెట్టింది. నంబరు మారకూడదు, పాత ఫోనే ఉండాలి. "యాప్‌లూ గీప్‌లూ నావల్ల కాదు. రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ రావాలి, అంతే" అంది. దాంతో నా పని తేలికైంది. యాప్ మాత్రమే ఇచ్చే సర్వీసులను చూడాల్సిన అవసరమే లేకపోయింది.

పాత ఫోన్ పనిచేయాలంటే ఏటీఏ అనే చిన్న అడాప్టర్ కావాలి. ఒక పక్క రౌటర్ కేబుల్, ఇంకో పక్క ఫోన్ వైరు. మన మాటను ప్యాకెట్లుగా, అంటే నెట్‌లో వెళ్లే చిన్న చిన్న డేటా ముక్కలుగా మార్చి పంపేది ఇదే. కొన్ని కంపెనీలు దీన్ని తమ సర్వీసుకే లాక్ చేసి ఇస్తాయి. రేపు కంపెనీ మారితే ఆ పెట్టె మూలన పడాల్సిందే. అందుకే లాక్ లేని ఎస్‌ఐపీ (ఇంటర్నెట్ కాల్స్ కలిపే, అందరూ వాడే పద్ధతి) అడాప్టర్‌తో పనిచేసే సర్వీసులనే చూశాను. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ పేరు ఇస్తే మనమే సెట్ చేసుకోవచ్చు.

ప్రకటనల్లో ఊదరగొట్టే 'హెచ్‌డీ వాయిస్', అంటే మాట మరింత స్పష్టంగా వినిపించే సదుపాయం గురించి ఆలోచించలేదు. పాత ఫోన్లు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దానికి తయారైనవి. వాటికి హెచ్‌డీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నెట్ స్పీడు సంగతి కూడా అలాంటిదే. మాటను డిజిటల్‌గా మార్చే జీ.711 అనే పద్ధతిలో (కోడెక్) మాటకి 64 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు), ఎక్కడికి వెళ్లాలో చెప్పే ప్యాకెట్ల పైతొడుగులు కలిపితే 90కి కాస్త లోపు. ఇప్పటి కనెక్షన్లకి అదొక లెక్కే కాదు. అసలు చిక్కంతా జిట్టర్‌తో, అంటే ప్యాకెట్లు ఒకటి తొందరగా ఒకటి ఆలస్యంగా, తీరూతెన్నూ లేకుండా రావడంతో. అందుకని ట్రయల్ ఇచ్చిన సర్వీసులో ఎకో టెస్ట్ నంబరుకి (మన మాట మనకే తిరిగి వినిపించే నంబరు) కాల్ చేసి, అదే సమయంలో ల్యాప్‌టాప్ నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టాను. మాట ముక్కలు ముక్కలైంది. డౌన్‌లోడ్ అప్పుడు ఇంత తేడా లేదు. రౌటర్‌లో ఏ పరికరం డేటా ముందు వెళ్లాలో చెప్పే క్యూఓఎస్ సెట్టింగ్ ఆన్ చేసి అడాప్టర్‌కి మొదటి ప్రాధాన్యం ఇచ్చాక అదే అప్‌లోడ్ నడుస్తున్నా మాట శుభ్రంగా వినిపించింది. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం. అంతకు బాగా మించితే ఒకరి మాట మీద ఒకరు పడిపోతుంటారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కరెంటు. రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వస్తుంది కాబట్టి ఇంట్లో దీపాలు ఆరిపోయినా ఫోన్ మోగేది. ఇప్పుడు ఫైబర్ పెట్టె, రౌటర్, అడాప్టర్ మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా ఫోన్ మూగబోతుంది. మూడింటినీ ఒక చిన్న యూపీఎస్‌కి తగిలించాను. అయినా వీధి మొత్తం కరెంటు పోతే నెట్ కంపెనీ వైపు పరికరాలు ఎంతసేపు నిలుస్తాయో మన చేతిలో లేదు. అందుకే మొబైల్ ఎప్పుడూ ఛార్జ్ చేసి ఉంచుకోమని అమ్మకి చెప్పాను. ఎమర్జెన్సీ నంబర్లకి కాల్ వెళుతుందా, వెళితే ఏ అడ్రసు కనిపిస్తుంది అని కూడా ప్రతి కంపెనీనీ అడిగాను. ఇంటర్నెట్ నంబరును బట్టి మనం ఎక్కడున్నామో ఎమర్జెన్సీ వాళ్లకి దానంతటది తెలియదు, మనం నమోదు చేయించిన అడ్రసే ఆధారం. దీనికి తిన్నగా జవాబు చెప్పలేనివాళ్లని అక్కడే వదిలేశాను.

పాత నంబరునే కొత్త కంపెనీకి మార్చుకునే (పోర్టింగ్) దగ్గర ఒక కస్టమర్ కేర్ అబ్బాయి "ముందు పాత కనెక్షన్ క్యాన్సిల్ చేసుకోండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. క్యాన్సిల్ అయిన నంబరు తిరిగొస్తుందన్న భరోసా ఎవరిస్తారు? ఆ కంపెనీకి అంతటితో నమస్కారం పెట్టేశాను. తీసుకున్న కంపెనీ తనే పోర్టింగ్ అభ్యర్థన పంపింది. పాత బిల్లులో పేరు, అడ్రసు ఎలా ఉన్నాయో ఫారంలో అలాగే రాశాను. నంబరు ఇటు వచ్చి, బయటి నుంచి కాల్ మోగిందాకా పాత లైను కదపలేదు.

అంతా అయ్యాక ఇంకో తంటా. మా మాట అవతలికి వినిపిస్తుంది, వాళ్లది మాకు రాదు. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌ఐపీ ఏఎల్‌జీ అని ఒకటి ఉంది. సాయం చేద్దామని పెట్టిన ఈ సదుపాయం చాలా రౌటర్లలో కాల్ సమాచారాన్ని తప్పుగా దిద్ది ఇలా చెడగొడుతుంది. దాన్ని ఆపేసి అడాప్టర్ రీస్టార్ట్ చేయగానే రెండు వైపులా మాట వచ్చింది. ప్లాన్ మాత్రం నెల నెలా కట్టేదే తీసుకున్నాను. ఏడాది కాంట్రాక్టుకి డిస్కౌంట్ ఇస్తామన్నారు గానీ, వానాకాలంలో మా నెట్ ఎలా ఉంటుందో చూశాక అది ఆలోచిస్తాను.