ముప్ఫయ్యేడో బొమ్మ

మొన్న పాత ఆల్బమ్ చూసి మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, అందరూ ఒకేలాంటి కూలింగ్ గ్లాసులు కొనుక్కున్నారేంటి?" ఒకేలాంటివి కావురా, ఉన్నదే ఒకటి. ఐదుగురం, జత ఒక్కటి. 1994 నాటి మాట.

కెమెరా మాలో ఒకడి మావయ్యది, యాషికా. ఫోకస్ గొడవ లేదు, చూసి నొక్కడమే. మాది విజయనగరం. గురజాడ చదివి, పాఠాలు చెప్పిన మహారాజా కాలేజీరా ఇది అని మాస్టార్లు మాటిమాటికీ గుర్తుచేసేవారు. మా బెంగల్లా రీలుకొచ్చే ముప్ఫయ్యారు బొమ్మల్లో ఎవడి వాటా ఎన్ననే.

మొదటి రీలు పైడితల్లమ్మ జాతరలో, సిరిమాను మంగళవారం నాడే తగలబడింది. కోట దగ్గర ఆ జనంలో మా కెమెరాగాడు తెగ నొక్కాడు. ముప్ఫయ్యారు దాటినా రీలు అవ్వడంలేదంటే అదృష్టమనుకున్నాం. తీరా కడగడానికిస్తే రీలు మొత్తం ఖాళీ. కొస అసలు లోపల రీలు చుట్టుకునే స్పూలుకి పట్టుకోనేలేదు. రీలు జరుగుతుంటే ఎడంపక్క పిడి తనంతట తను తిరగాలని స్టూడియో ఆయన చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. తలా వేసుకున్న ఇరవై రూపాయలూ గోవిందా.

రెండో రీలుకి వాడు ఆ పిడి మీంచి కన్ను తీయలేదు. పెద్దచెరువు గట్టు, గంటస్తంభం, మూడు లాంతర్లు తిరిగాం. కోట గుమ్మం దగ్గర ఎవరిదో బండి ఆగుంటే దానికి ఆనుకుని నేను. నా ఒంటిమీది గళ్ళ చొక్కా కూడా నాది కాదు. ఎప్పుడూ వాగేవాడు ఆకాశంలోకి చూస్తుంటాడు, పిరికివాడు చేతులు కట్టుకుని రౌడీలా నిలబడతాడు. అచ్చం మాలా ఉన్నది ఒకే ఒక్క బొమ్మ: ఒకడి ముఖం మీంచి ఇంకొకడు కళ్ళద్దాలు లాక్కుంటున్నాడు, పొరపాటున నొక్కుకుపోయింది. "రీలు దండగ చేసీసావు" అని వాణ్ణి తిట్టాం కూడా.

సూర్యుడు తీసేవాడి వీపు వెనక ఉండాలని వాడి పట్టు. అందుకే కళ్ళద్దాలు దొరకనివాళ్ళందరం కళ్ళు చికిలించి ఉంటాం. వాడు మాత్రం ప్రతి బొమ్మలోనూ మా కాళ్ళ దగ్గర నీడగా, రెండు మోచేతులు పైకెత్తి.

రీలు అయిపోయిందనుకున్నాక లివరు ఇంకొక్కసారి కదిలింది. "ఇలా ఇయ్యి, నువ్వు బేగి నిలబడు" అని కెమెరా లాక్కున్నాను. ఆ ముప్ఫయ్యేడోది సగమే పడింది. ఒక చెవి, ఒక భుజం, సగం నవ్వు. స్టూడియో ఆయన ప్రింటు వెయ్యలేదు, నెగిటివ్‌లోనే ఉండిపోయింది.

పోయిన నెల దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ఫోన్లో తీసి, రంగులు తిరగేసి వాడికి పంపాను. గంటకి జవాబొచ్చింది: "ఆ కళ్ళద్దాలు నాకు పెట్టలేదేటిరా?"