ఎర్రనీటి వెంట ఎగువకి: పదో తరగతి భూగోళం ఇలా చదివాను

పదో తరగతి సోషల్‌లో భూగోళం వచ్చేసరికి మా క్లాసులో చాలామందికి గుబులు. హిమాద్రి, హిమాచల్, శివాలిక్ అంటూ పాఠం మొదలవుతుంది. కొండంటే దూరంగా కనబడే నీలిగీత తప్ప తెలియని కోనసీమ పిల్లలం మేము. ఆపైన ఉపనదులు, నేలలు, జనసాంద్రత, వలసలు. చివర్లో మ్యాపు. పేర్లన్నీ రాత్రి బట్టీపట్టడం, పొద్దున్నకి సగం మర్చిపోవడం.

మాది గోదారి వైనతేయ పాయ పక్కన లంక ఊరు. 2022 జులైలో బడి తెరిచిన కొద్దిరోజులకే వరదొచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్ళు) దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆసారి 25 లక్షలు దాటింది. కాజ్‌వే మునిగింది, అరటి తోటలు మునిగాయి, గేదెల్ని ఏటిగట్టు మీద కట్టేశాం. గట్టు మీద కూర్చుని మామ్మ ఒకటే అడిగేది: "భద్రాచలంలో ఎన్నడుగులుందంటరా?" అక్కడ తగ్గితేనే మర్నాటికో ఆ మర్నాటికో మాకు తగ్గుతుంది.

నీళ్ళు తీశాక బడికెళ్తే మా సోషల్ మాస్టారు పుస్తకం తెరవలేదు. "మన దగ్గర ఎంత వాన పడ్డా గోదారి పొంగదు. మరి ఈ నీళ్ళు ఎవరివి? ఎగువకెళ్ళి వెతకండి" అని అందరికీ తెల్లకాగితాలిచ్చారు. సరిహద్దులు గీయొద్దన్నారు, ముందు గోదారి ఒక్కటే గీయమన్నారు.

ధవళేశ్వరం నుంచి పెన్సిలు పైకి కదిలింది. పాపికొండలు దాటితే కూనవరం దగ్గర శబరి. ఆపైన ఛత్తీస్‌గఢ్ అడవుల నీళ్ళు తెచ్చే ఇంద్రావతి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల నీళ్ళన్నీ దాంట్లోనే వస్తాయి. ఇవన్నీ ఎడమ వైపు నుంచే. కుడి వైపు మంజీర ఉన్నా అది తక్కువ వాన పడే నేలల మీదుగా వస్తుంది. చివరికి నాసిక్ దగ్గర త్రయంబకం. అక్కణ్ణుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అంత దగ్గర్లో సముద్రం పెట్టుకుని ఈ నది 1,465 కిలోమీటర్లు తూర్పుకి ఎందుకొచ్చిందని మాస్టారు అడిగితే ఎవరం పలకలేదు. దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉంటుందని అప్పుడు చెప్పారు. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని ఆపేస్తే వాటి వెనక మరాఠ్వాడా ఎందుకు ఎండుతుందో కూడా ఆ కాగితం మీదే చూపించారు. భౌగోళిక స్వరూపాలు, శీతోష్ణస్థితి, నదులు అని పుస్తకంలో విడివిడిగా ఉన్న మూడు పాఠాలూ నాకు ఆ పూట ఒక్కటయ్యాయి. ఏటా మా రేవుకొచ్చే ఎర్రనీటిలో ఉన్నది ఎవరి మన్నో తెలిసింది. మా లంక కూడా ఆ మన్నే కదా.

హిమాలయాలు మాత్రం బట్టీయే పట్టాను. ఇంటి దగ్గరి నది నుంచి మొదలయ్యే పుస్తకం డెల్టా పిల్లలకి ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

రేఖాంశాలు మా పిన్ని వల్ల వచ్చాయి. పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చాలామంది ఆడవాళ్ళు వెళ్ళినట్టే. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. మన టైము లెక్కగట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది, వాళ్ళది 45 డిగ్రీల లెక్క. తేడా 37½, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున రెండున్నర గంటలు. నోటుబుక్కులో లెక్క సరిపోయిన రాత్రి పిన్నికి ఫోన్లో చెప్తే, "నువ్వు బాగా చదువుకో అమ్మా, నాలాగా రావక్కర్లేదు" అంది. వలసల పాఠం చదివినప్పుడల్లా ఆ మాటే వినిపించేది.

జనాభా పాఠం దగ్గర మాస్టారు చుక్కల మ్యాపు చూపించారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో చదరపు కిలోమీటరుకి 382 మంది, అరుణాచల్‌ప్రదేశ్‌లో 17 మంది. గంగా మైదానం, కేరళ తీరం, మన డెల్టాలు చుక్కలతో నల్లగా ఉన్నాయి. అయితే నేల సారవంతమైనంత మాత్రాన జనం నిలవరు. 1830ల్లో ఈ గోదారి పక్కనే కరువొచ్చి జనం చచ్చిపోయారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయి కాలువలు పారాకే సార్వా, దాళ్వా రెండు పంటలూ వచ్చాయి. మా పి.గన్నవరంలో వైనతేయ మీదుగా, కింద నది, పైన కాలువ పారే అక్విడక్టుని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా, అది జనాభా పాఠంలోకి వస్తుందని ఎప్పుడూ తట్టలేదు.

మ్యాపుకి నేను చేసింది ఒకటే. రోజూ అన్నం తిన్నాక ఒక అవుట్‌లైన్ మ్యాపు. ముందు కర్కటరేఖ, 82½ రేఖ, తర్వాత గోదారి. మిగతావన్నీ వాటికి ఎటువైపో చూసుకుని పెట్టేదాన్ని. నర్మద, తపతి పడమటికి పోతాయని బాణం గుర్తు వేసుకునేదాన్ని. పరీక్షలో కూడా అదే వరుస. పెన్సిలు ఎక్కడా ఆగలేదు.

ఇంటర్‌లో భూగోళం చెప్పే కాలేజీ మా దగ్గర్లో దొరకలేదు, సీఈసీలో చేరాను. డిగ్రీ అయ్యాక విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ జాగ్రఫీ విభాగానికి వెళ్ళాలని ఉంది. నాన్నగారితో ఇంకా మాట్లాడాలి, పిన్ని ముందే సరేనంది.