మాస్టారు అడిగిన మాత్ర
అమలాపురంలో మా మందుల షాపుకి వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు మొన్న చీటీ లేకుండానే సిరోలిమస్ అడిగారు.

"యూట్యూబ్‌లో చూశానయ్యా, ముసలితనం వెనక్కి పోతుందట!"

"ఆయ్, అది ఎలకల సంగతండి మాస్టారూ" అన్నాను.

కథ మాత్రం బాగుంటుంది. 1964లో ఈస్టర్ ద్వీపానికి బయల్దేరిన పరిశోధకులు తెచ్చిన మట్టిలో ఒక బాక్టీరియా దొరికింది. ఈ మందు దాన్నుంచే వచ్చింది. ఆ దీవికి స్థానికుల పేరు రాపా నుయ్, అందుకే రాపమైసిన్ అని కూడా అంటారు. మన కణాల్లో టార్ అనే ప్రొటీన్ ఉంది. తిండి, ముఖ్యంగా అమైనో ఆమ్లాలు, పుష్కలంగా ఉంటే అది కణాన్ని పెరగమంటుంది. దాన్ని ఈ మందు అణిచేస్తే కణం కొత్త కట్టడాలు తగ్గించి, లోపల పాడైపోయిన ప్రొటీన్లను విరగ్గొట్టి మళ్ళీ వాడుకుంటుంది. 2009లో వచ్చిన ప్రయోగంలో చిట్టెలుకలకి 600 రోజుల వయసులో, అంటే మన లెక్కలో షష్టిపూర్తి దగ్గర, మొదలుపెట్టినా ఆయుష్షు పెరిగింది.

కానీ మేం దీన్ని ఇచ్చేది కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి, రోగనిరోధక శక్తిని తగ్గించడానికి! నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం లాంటివి అదనం.

మాస్టారు అంతా విని బీపీ మాత్రలు తీసుకున్నారు. అవి మానేసి నెలయిందట.