వర్ణన అంటే కొలత కూడా

వర్ణన అనగానే కవిత్వం గుర్తొస్తుంది. నిజానికి దాని మీద ఎంతో ఆధారపడేవి వృక్షశాస్త్రం, వైద్యం. కొత్త మొక్కకు పేరు పెడితే చాలదు. దగ్గరి జాతుల నుంచి దాన్ని వేరుచేసే లక్షణాలు రాయాలి, ఆధార నమూనా ఏ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోటు) ఉందో చెప్పాలి. 2012కు ముందు ఆ వర్ణన లాటిన్‌లోనే ఉండాలనేది నియమం. ఇప్పుడు ఇంగ్లీషులోనూ రాయవచ్చు. "ఆకు పెద్దది" అంటే ఎవరికీ పనికిరాదు. "పొడవు 6–9 సెం.మీ., అంచు రంపపు పళ్లలా, అడుగున నూగు" అంటే మరొకరు పోల్చి చూసుకోగలరు. ఒక్క ఆకునే కొలవడం తప్పు. నీడలో పెరిగిన ఆకు తరచూ వెడల్పుగా ఉంటుంది కాబట్టి చాలా ఆకులు కొలిచి కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వాలి.

గాయానికీ అంతే: ఎక్కడ, పొడవు, వెడల్పు, లోతు, అంచులు, స్రావం రంగు. ఇక్కడ నన్ను బాగా కలవరపెట్టే పొరపాటు, చూసిందానికి బదులు ఊహించింది రాయడం. "ఇన్ఫెక్షన్ సోకింది" అనేది నిర్ణయం. "చుట్టూ 2 సెం.మీ. ఎరుపు, తాకితే వేడి" అనేది వర్ణన, మర్నాడు చూసే వైద్యులకు ఎరుపు పెరిగిందో తగ్గిందో తెలిసేది దీనివల్లే.

చూపులేని పాఠకుల కోసం చిత్రాన్ని వర్ణించేటప్పుడు "ఇది ఒక ఫొటో" అని మొదలుపెట్టనక్కర్లేదు. చిత్రమని స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ముందే చెబుతుంది.