ఫ్రిజ్ మీద మైనస్ 15

శనివారం. సంక్రాంతి వెళ్ళి మూడు రోజులైంది.

7 గంటలకి మెలకువ వచ్చింది. బయట ఇంకా చీకటే. జనవరిలో ఇక్కడ అమెరికాలో, మినియాపొలిస్‌కి పొద్దు పొడిచేసరికి ఎనిమిది కావస్తుంది. దుప్పట్లోంచి ఒక చెయ్యి మాత్రం బయటపెట్టి ఫోన్ అందుకున్నాను. 4 డిగ్రీలు. ఫారెన్‌హీట్‌లో. సెల్సియస్‌లో అయితే దాదాపు మైనస్ 16. గాలి వాయవ్యం నుంచి గంటకి 15 మైళ్ళు. ఫీల్స్ లైక్, అంటే గాలి కలిస్తే ఒంటికి తెలిసే చలి, మైనస్ 14.

ఇంకో రెండు డిగ్రీలు తగ్గినా హాయిగా అటు తిరిగి పడుకునేదాన్ని.

మా ఫ్రిజ్ మీద తిరుపతి నుంచి తెచ్చిన మాగ్నెట్ కింద ఒక కాగితం ఉంటుంది. "ఫీల్స్ లైక్ మైనస్ 15 దాటితే బయటికి వద్దు." నా చేతిరాతే, నా పొద్దుటి పరుగు కోసం. రెండేళ్ళ కిందట జులైలో, ఫ్యాన్ కింద కూర్చుని రాసుకున్నాను. జులైలోనే ఎందుకంటే, చలికాలం పొద్దుటి పూట నా బుర్రని నేను నమ్మను. దుప్పట్లో ఉన్నప్పుడు అది ప్లీడరైపోతుంది. 15 డిగ్రీలున్నా సరే "గొంతు గరగరగా ఉంది కదా, ఎందుకులే" అంటుంది. అదే వరసగా నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోయాననుకోండి, అప్పుడు ఉల్టా. మైనస్ 20 అయినా "ఏం కాదు పద" అని తోస్తుంది. రెండు వాదనలూ వినకుండా ఉండాలంటే తీర్పు ముందే రాసి పెట్టుకోవడమే దారి.

ఆ 15 ఊరికే అనుకున్న అంకె కాదు. ఇక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ పట్టికలో సున్నా డిగ్రీలకి 15 మైళ్ళ గాలి కలిస్తే మైనస్ 19 అవుతుంది. అక్కడ, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చని రంగు మార్చి చూపిస్తారు. నా పరుగు నలభై నిమిషాలు. కాబట్టి నాలుగు డిగ్రీలు ఇవతలే గీత గీసుకున్నాను. దాని వెనక నా ఎడమ చెవి కథ ఒకటుంది, అది తర్వాత.

ఇవాళ మైనస్ 14. రూలు ప్రకారం వెళ్ళొచ్చు. రూలు ప్రకారం వెళ్ళొచ్చు అంటే వెళ్ళాల్సిందేనని నాకు నేనే పెట్టుకున్న ఇంకో రూలు. లేచాను.

తయారవడానికి పావుగంట. లోపల ఒంటికి అతుక్కునే సన్నటి ఉన్ని చొక్కా, దాని మీద ఫ్లీస్, పైన గాలి దూరని జాకెట్. కాటన్ పనికిరాదు, చెమట పీల్చుకుని ఒంటికి తడిగుడ్డ చుట్టినట్టు ఉంటుంది. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కాకుండా నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండేవి, వేళ్ళు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. బుగ్గలకి వాజలిన్. అమ్మయితే కొబ్బరినూనె రాసుకోమంటుంది. మా వంటింట్లో ఆ సీసా అక్టోబర్ నుంచీ తెల్లరాయిలా ఉందని ఎన్నిసార్లు చూపించినా నమ్మదు. తలకి మంకీ క్యాప్. ఇది కిందటిసారి ఆదిలాబాద్ వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేవాళ్ళ దగ్గర కొన్నది. ఇక్కడి స్పోర్ట్స్ షాపులో ఇలాంటిదే ఇంకేదో పేరు పెట్టి పదింతల ధరకి అమ్ముతారు. జడ లోపలికి పట్టదు, బయటే వేలాడుతుంది.

చివరగా కమ్మలు తీసి గిన్నెలో వేశాను.

చెవి కథ ఇదే. మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో, ఇంత చలి కూడా లేని రోజున, క్యాప్ పైకి జారి ఎడమ చెవి బయటపడింది. బంగారు కమ్మ ఉంది. బంగారం వేడిని ఎంత త్వరగా బయటికి లాగేస్తుందో బడిలో చదివాను, పరీక్షలో రాశాను, చెవికి మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే తమ్మె తెల్లగా, మైనంలా ఉంది. పట్టుకుంటే నాది కాదనిపించింది. గంట తర్వాత ఎర్రబడి వాచి మండింది. వారానికి ఉల్లిపొరలా తోలు ఊడింది. నయం, అంతటితో పోయింది. ఇప్పటికీ చలి ఎక్కువైతే ముందు ఆ తమ్మెకే తెలుస్తుంది.

ఎనిమిదింపావుకి నొకోమిస్ చెరువు దగ్గరున్నాను. చుట్టూ తిరిగితే దాదాపు రెండు మైళ్ళ ముప్పావు. ఎయిర్‌పోర్ట్ దగ్గరే, విమానాలు పొట్టలు కనబడేంత కిందుగా పోతుంటాయి. చెరువంతా గడ్డకట్టింది. మధ్యలో ఒక పెద్దాయన మంచుకి కన్నం పెట్టి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని చేపలు పడుతున్నాడు. కనీసం నేను కదులుతున్నాను.

మొదటి నిమిషం ఎప్పుడూ ఒకటే. గాలి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు చిటుక్కున అతుక్కుంటాయి. కాళ్ళ కింద మంచు కొత్త చెప్పుల్లా కిర్రుకిర్రుమంటుంది. ఇంకాస్త వెచ్చగా ఉన్న రోజుల్లో ఆ చప్పుడు రాదు. నిజానికి నాకు ఆ రోజులే భయం. 32 డిగ్రీలు దాటినప్పుడు కరిగి మళ్ళీ గట్టిపడిన నల్లమంచు కనబడదు, నడుము విరగ్గొడుతుంది.

ఇవాళ చేసిన తప్పు మొదటి మలుపులోనే జరిగింది. గాలికి ఎదురుగా మొదలుపెట్టి, గాలి వీపున తోస్తుంటే తిరిగి రావాలి. ఇది ఇక్కడ పరుగెత్తేవాళ్ళెవరికైనా మొదటి వారంలోనే తెలిసే సంగతి. నాకు ఆరేళ్ళుగా తెలుసు. కానీ ఎదురుగాలి ఒక్కసారి ముఖానికి తగలగానే ఒళ్ళు తనంతట తనే అటు తిరిగిపోయింది. తూర్పు గట్టు వెంట దక్షిణానికి, గాలి వెనక నుంచి తోస్తుంటే, అసలు చలే లేదు. ఎండ కూడా వచ్చింది. పది నిమిషాలకి చెమట పట్టింది. జాకెట్ జిప్పు సగం కిందికి లాగాను. "మైనస్ 14 అంటే ఇంతేనా" అనుకున్నాను కూడా.

ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసి చూశాను. నేను గంటకి ఆరు మైళ్ళు పరుగెత్తుతాను. 15 మైళ్ళ గాలి వీపు వైపు ఉంటే నాకు తగిలేది తొమ్మిదే. అది దాదాపు మైనస్ 10. ఎదురు తిరిగితే నా ఆరు కలిసి 21, అంటే మైనస్ 17. ఫోన్‌లో చూసిన మైనస్ 14 అటు వెళ్ళేటప్పుడూ నాది కాదు, ఇటు వచ్చేటప్పుడూ నాది కాదు.

అసలు ఆ ఫీల్స్ లైక్ అనేదాని పుట్టుక కూడా తమాషాగానే ఉంటుంది. 1940ల్లో సైపుల్, పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి గాలిలో వేలాడదీసి, ఎంతసేపటికి గడ్డకడతాయో చూసి మొదటి లెక్క కట్టారు. మనిషి ముఖం నీళ్ళ గొట్టం కాదు కదా. 2001లో ఆ లెక్క మార్చారు. దానికోసం టొరంటోలో 12 మందిని చల్లటి గాలి సొరంగంలో, ముఖానికి సెన్సర్లు అంటించి నడిపించారు. నడిపించారు, గంటకి మూడు మైళ్ళ చొప్పున. పరుగెత్తించలేదు. సాసర్లో చాయ్ ఊదుతాం చూడండి, పైనున్న వేడి గాలి పొరని నోటితో తోసేస్తాం కదా, ఇక్కడ సాసర్ మన ముఖం. పరుగెత్తే మనిషి తన సాసర్‌ని తనే ఊదుకుంటూ పోతుంటుంది.

దక్షిణపు కొసన పడమటి గట్టుకి తిరిగాను. చెంపదెబ్బ. మొదట నుదురు, ఐసుముక్క నమిలినప్పుడు పట్టేస్తుందే, అలా. చెమట పట్టిన ఛాతీ మీద ఎవరో చన్నీళ్ళ గ్లాసు వంపినట్టు. జిప్పు పైకి లాగబోతే మధ్యలో ఇరుక్కుంది. గ్లోవ్ తీస్తే గానీ కదలదు. తీశాను. అరనిమిషంలో బొటనవేలు మొద్దుబారింది. కళ్ళలో నీళ్ళొచ్చి కుడికంటి రెప్పలు అతుక్కున్నాయి.

నొప్పి ఉన్నంతసేపూ పరవాలేదు. నొప్పి పోయినప్పుడే భయపడాలి. నాకు ఒక పరీక్ష ఉంది. "ప ఫ బ భ మ" పైకి చదువుతాను. పెదాలు కలిస్తే తప్ప ఆ అయిదు అక్షరాలు పలకవు. మామూలు చలికి స్పష్టంగానే వస్తాయి. ఇవాళ "ప" దగ్గరే "వ"లాంటిదేదో వచ్చింది. రెండోసారీ అంతే. ఎడమ తమ్మెలో క్యాప్ లోపలి నుంచే సూది గుచ్చింది.

చెరువు చుట్టు పూర్తి చెయ్యలేదు. సీడర్ అవెన్యూ వంతెన కనిపిస్తూనే ఉంది, అయినా పక్క వీధిలోకి దిగిపోయాను. ఇళ్ళ మధ్యకి రాగానే గాలి సగానికి సగం పడిపోయింది. గ్లోవ్ లోపల వేళ్ళు ముడుచుకుని పిడికిలి పట్టుకుని, పరుగూ నడకా కాని ఏదో ఒక నడకతో ఇంటికి చేరాను. దారిలో ఫోన్ చూద్దామంటే, సగం ఛార్జింగ్‌తో బయల్దేరింది, చలికి ఆగిపోయింది.

మా ఆయన తలుపు తీసి, నా జడ పట్టుకుని పైకెత్తాడు. వదిలేసినా అది కిందపడలేదు.

"ఇది జడా, ములక్కాడా?"

నవ్వుదామంటే పెదాలు సహకరించలేదు. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టాను. వేడినీళ్ళు వద్దు, మొద్దుబారిన చేతికి కాలేదీ తెలియదు. కాసేపటికి చీమలు పాకాయి, తర్వాత కుట్టాయి. పాప సీరియల్ తింటూ ఫోన్‌లో చూసి, "మా స్కూల్లో అయితే నిన్ను లోపలే కూర్చోబెట్టేవాళ్ళు" అంది. నిజమే, ఫీల్స్ లైక్ సున్నా దాటి కిందికెళ్తే వాళ్ళని ఆటలకి వదలరు. పదకొండేళ్ళ పిల్లలకి సున్నా, నాకు మైనస్ 15.

"ఆ పదిహేను కొట్టేసి పది చెయ్యి" అన్నాడు మా ఆయన, చాయ్ ఇస్తూ.

చెయ్యలేదు. ఇవాళ తప్పు అంకెది కాదు. పది అని రాస్తే జనవరి మొత్తంలో ఎన్ని రోజులు మిగులుతాయో నాకు తెలుసు. బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ ఉంది, గోడని చూస్తూ నలభై నిమిషాలు పరుగెత్తడం నా వల్ల కాదు. దానికంటే చేపల పెద్దాయన పక్కన ఇంకో బకెట్ వేసుకుంటాను. కాగితం మీద కింద ఇంకో వాక్యం రాశాను: "ముందు గాలికి ఎదురు." బొటనవేలు ఇంకా సరిగ్గా వంగక అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి.

తొమ్మిదిన్నరకి అమ్మ వీడియో కాల్. అక్కడ రాత్రి తొమ్మిది. బొంత కప్పుకుని, ముఖం మాత్రం కనిపిస్తోంది.

"మస్తు సలి ఉన్నది బిడ్డా. ఏడు డిగ్రీలంట. పొద్దుగాల బయటికి రావద్దని టీవీల జెప్తున్నరు. మీకెంతున్నది?"

"నాలుగు."

"గంతేనా? మాకన్న మూడే తక్కువ."

ఫారెన్‌హీట్ అని నేను చెప్పను. ఆరేళ్ళుగా చెప్పలేదు. సున్నా కంటే పైనున్న రోజుల్లో నిజమే చెప్తాను, కిందికి పోయిన రోజుల్లో నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు.

"ఉరకనీకి పోయినవా మళ్ళ?"

"కొంచెం దూరం పోయి వచ్చేసినమ్మా."

అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుంది. స్క్రీన్ నిండా కళ్ళద్దాలు.

"గా కమ్మలేవే? గట్ల బోడి చెవులతోని ఉంటరా, పండుగ పోయి మూడొద్దులు గాలే!"

గిన్నె కోసం వంటింట్లోకి వెళ్ళాను. కుడి కమ్మ పెట్టుకున్నాను. ఎడమది ఇంకా పెట్టలేదు, తమ్మె మండుతోంది. కెమెరా కొంచెం కుడివైపుకి తిప్పి కూర్చున్నాను.